బిళ్ళ నాది, చెయ్యి ఎస్తేరుది

నేను మేకల దీనమ్మను. ప్రభువులో నిద్రించిన చిన్నయ్య భార్యను. వయసు అరవై రెండని పంతులమ్మ లెక్కగట్టి చెప్పింది. నాకు మాత్రం అంతకు రెట్టింపు బతికినట్టే ఉంది. ఉండేది గుంటూరులో, పత్తి మిల్లు గోడ వెనక పాకల్లో. ఇంట్లో నలుగురం. నేను, మిరపకాయల కొట్లలో బస్తాలు మోసే నా కొడుకు యోహాను, కోడలు ఎస్తేరు, నాలుగేళ్ళ మనవరాలు మణి. ఎస్తేరు నాకు పరాయి పిల్ల కాదు. అద్దంకి దగ్గర మా పాలెంలో ఉండే నా తమ్ముడు ఏసోబు కన్న కూతురు. ఈ ఉత్తరం ఆ తమ్ముడికే.

తమ్ముడు ఏసోబుకు, మరదలు మార్తమ్మకు అక్క దీనమ్మ దీవెనలు. పేరూ వయసూ ఇంటి సంగతీ చెప్పుకుంటూ మొదలుపెట్టిందేమిటి, మా అక్కకు మతిపోయిందా అనుకోకు. ఈ ఉత్తరం నీ ఒక్కడికే కాదు. నువ్వు చదివించుకున్నాక నీ చేత్తోనే దీన్ని గుంటూరు తెచ్చి, కూలీల దెబ్బల కేసులు వినే ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాలి. అందుకే, తెలియనివాళ్ళు చదివినా ఎవరు ఎవరో తెలిసేలా చెప్పమని మా కేసు చూసే ప్లీడరు గారు అన్నారు. రాసేది మా పాకల బడి పంతులమ్మ సుగుణమ్మ గారు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాట ఇచ్చింది. తిట్లు మాత్రం రాయనంటోంది. సరే, అవి నువ్వు వచ్చాక ఎదురుగానే తిడతాను.

నీ ఉబ్బసం ఎలా ఉందిరా? తొలకరి పడ్డాక దగ్గు ఎక్కువైందా? మరదలి నడుం నొప్పి తగ్గిందా? గేదె ఈనిందో లేదో, ఈనితే పెయ్యో దున్నో రాయించు. పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. మేమంతా ప్రాణాలతో ఉన్నాం. రెండు వానలకే పాక కురుస్తోంది. మిరపకాయల రోజులు అయిపోయినా యోహాను చొక్కా ఇంకా ఘాటు కొడుతూనే ఉంది. వాడు లోపలికి వస్తే మణి తుమ్ముతుంది, తుమ్మి నవ్వుతుంది. ఇక్కడ తినేది తెల్లన్నమే అయినా నా మనసు మన ఊరి వరిగెల అన్నం మీదే ఉంటుంది. ఇంటి ముందు ఇంత జనం తిరుగుతారు గానీ, అక్కా అని పిలిచేవాడు ఒక్కడూ లేడు. ఉన్న ఒక్క తమ్ముడూ ఏం చేశాడో విని నా కడుపు మండిపోతోంది.

ఏరా ఏసోబూ, క్రిస్మస్ అయ్యాక నేను నీకు రాయించిన ఉత్తరం తీసి సుబ్బయ్య మేస్త్రి చేతిలో పెడతావా? సుబ్బయ్య అంటే మిల్లులో మా ఆడకూలీల మీద పెత్తనం చేసేవాడు, మన పక్క ఊరివాడే. వాడు మిల్లు మనిషని నీకు తెలియదా? నీ కూతురి చెయ్యి ఏ మిల్లులో పోయిందో తెలియదా? ఊరి మనిషి గదా, మంచిచెడ్డలు అడగడానికి వచ్చాడనుకున్నావు. వాడు వచ్చింది ఆ కాగితం కోసం.

ఇక మొదటి నుంచి చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను. దాచబట్టే ఇంతదాకా వచ్చింది.

మా మిల్లులో పని దొరకడం అంటే బిళ్ళ దొరకడం. ఇత్తడి బిళ్ళ, దాని మీద ఒక నంబరు. పొద్దున గేటు దగ్గర ఆ బిళ్ళ చూపిస్తే గుమాస్తా పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా గీత పెడతాడు. నా నంబరు నలభై ఒకటి. పుస్తకంలో దాని పక్కన నా పేరు. పేరు ఒకరిదే గానీ, బిళ్ళ మాత్రం ఇంటిది. ఇక్కడ అందరి సంగతీ అంతే. పురిటికి వెళ్ళినామె చెల్లెలికి ఇస్తుంది, జ్వరం వచ్చినామె కూతురికి ఇస్తుంది. ఆరు రోజులు వరసగా బిళ్ళ రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ రాదు. గుమాస్తా నంబరు చూస్తాడు, మేస్త్రి తలలు లెక్కపెడతాడు. మొహం ఎవరిదని అడిగినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడు లేడు.

మొన్న క్రిస్మస్‌కు నా మోకాళ్ళు కుండల్లా వాచాయి. మిషను ముందు పొద్దస్తమానం నించుని పత్తి అందించాలి, కూర్చోనివ్వరు. నాలుగు రోజులు వెళ్ళలేకపోయాను. ఐదో రోజు ఎస్తేరు వచ్చి నా ముందు కూర్చుంది.

"అత్తా, బిళ్ళ పోతే మళ్ళీ రాదు. నేను వెళ్తా."

"మీ నాన్నకు మాటిచ్చానే. నా కూతుర్ని మిల్లుకు పంపొద్దక్కా అని పెళ్ళినాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు."

"నాన్న అద్దంకిలో ఉన్నాడు. కుండ ఇక్కడ ఉంది. నాన్నకు రాయొద్దులే."

ఇదిగో, ఇది నా నోటితో చెబుతున్నాను, రాయండి పంతులమ్మగారూ. బిళ్ళ నా చేతులతోనే దాని కొంగున ముడివేశాను. నీకిచ్చిన మాట తప్పాను. అంతటితో ఆగానా? నువ్వు అనుమానపడతావేమోనని, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఉత్తరాలు రాసే ఆయన చేత నీకు రాయించాను. "ఎస్తేరు ఇంటి పట్టునే ఉంటోంది. మధ్యాహ్నం నాకు మిల్లుకు అన్నం తెచ్చి ఇచ్చి వెళుతుంది. మిషను దరిదాపులకు పోనివ్వను, బెంగపడకు" అని. కింద వేలిముద్ర వేశాను. నువ్వు ఆ ఉత్తరం ఊరంతా చదివించుకుని, నా కూతురు గుంటూరులో నీడపట్టున ఉందని చెప్పుకున్నావట. చెప్పుకో. తండ్రివి.

నాలుగు నెలలు ఎస్తేరు నా బిళ్ళ మీద పనిచేసింది. సుబ్బయ్యకు తెలియదా? రోజూ గేటు దగ్గర "ఏమే ఎస్తేరూ, మీ అత్త మోకాళ్ళు ఎలా ఉన్నయ్యే?" అని అడిగి మరీ లోపలికి పంపేవాడు. ఒకసారి నా మోకాళ్ళకు వావిలాకు కట్టమని కూడా చెప్పి పంపాడు.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం, దానికి ముందు బుధవారం. ఎండలు ముదిరాయి. గింజ పత్తిని మిషను రోలరు లాక్కుని దూది ఒకవైపు, గింజ ఒకవైపు చేస్తుంది. రోలరు ముందు చెయ్యి పడకుండా ఒక ఇనుప తడక ఉండాలి. ఉంటే పత్తి వెయ్యడం నెమ్మదిగా సాగుతుందని, ఈ ఏడు పని మొదలైన రోజే సుబ్బయ్య తడకలన్నీ ఊడదీయించి గోడకు చేరేయించాడు. ఆ రోజు పత్తిలో పుల్లలు ఎక్కువ. పుల్ల ఇరుక్కుని మిషను మూలిగింది. మిషను ఆపాలంటే బెల్టు తప్పించాలి, బెల్టు దగ్గర మనిషి లేడు. సుబ్బయ్య వెనక నుంచి అరిచాడు: "చూస్తావేంటే? తీసెయ్!" ఎస్తేరు కుడిచెయ్యి పెట్టింది.

చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. మూడూ మొదలు దాకా పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. పక్క మిషను దగ్గర పనిచేసే కాంతమ్మ తన కొంగు చించి కట్టింది.

అప్పుడు గుమాస్తా చేసిన పని విను. ఆసుపత్రికి చీటీ రాయాలి గదా. పిల్లను అడగలేదు, మొహం చూడలేదు. కొంగున ఉన్న బిళ్ళ నంబరు చూసి, పుస్తకం తెరిచి, అందులో ఉన్నది ఎక్కించాడు. "దీనమ్మ, వయసు అరవై, మా మిల్లు కూలీ, మిషనులో పడి కుడిచేతికి దెబ్బ" అని రాసి మిల్లు ముద్ర వేసి పంపాడు. ఆసుపత్రిలో నర్సమ్మ పొద్దునే వచ్చి "దీనమ్మా, దీనమ్మా" అని పిలిచేది. ఎస్తేరు పలికేది కాదు. చివరికి మంచం దగ్గరికి వచ్చి, "ఏమే, నీకు అరవై ఏళ్ళా? ఏం తింటావో కాస్త మాకూ చెప్పు" అంది. ఎస్తేరు ఆ రోజే మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. నన్ను రాయాల్సిన చోట నన్నే రాశారు. ఆ మిషను ముందు నించోవాల్సింది నేను. పోతే నా వేళ్ళు పోవాలి. పోగుపడిన పనులన్నీ చేసేసిన చేతులు నావి, పోయినా నష్టం లేదు. దాని చేతులు ఇంకా బిడ్డకు జడ కూడా సరిగా వెయ్యలేదు.

మూడు రోజులకు గుమాస్తా, సుబ్బయ్య కలిసి మా పాకకు వచ్చారు. బత్తాయి పళ్ళ సంచీ ఒకటి గుమ్మం ముందు పెట్టారు.

"దీనమ్మా, జరిగిందేదో జరిగింది. యజమాని దయగలవాడు. ఎంతో కొంత ఇస్తాడు. ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు గుమాస్తా.

"ఏముందయ్యా అందులో?"

"ఏముంటుంది, మామూలు కాగితమే."

"మామూలు కాగితానికి నా వేలు దేనికి? చదువు."

గొంతు సవరించుకుని చదివాడు. ఆ రోజు మిషను మీద పనిచేసింది నేనట. కోడలు నాకు అన్నం తెచ్చిందట. తెచ్చింది తెచ్చినట్టు పోకుండా ఆటగా మిషనులో చెయ్యి పెట్టిందట. మిల్లుకు ఏ సంబంధమూ లేదట. యజమాని జాలిపడి ధర్మం చేస్తున్నాడట.

"ఆటగానా? అదేమన్నా ఊయలా, ఎక్కి ఊగడానికి? వేళ్ళు పోయింది దీనమ్మకని ఆసుపత్రికి రాసింది నువ్వే కదటయ్యా. ఇవిగో దీనమ్మ వేళ్ళు, లెక్కపెట్టుకో!" అని రెండు చేతులూ వాడి మొహం ముందు పెట్టాను.

"తొందర్లో పొరపాటు రాశా" అన్నాడు.

సుబ్బయ్య అందుకున్నాడు. "ఎక్కువ మాట్లాడకు దీనమ్మా. నీ బిళ్ళ ఇంకొకరికి ఇవ్వడం దొంగతనం కింద లెక్క. కేసంటూ పెడితే ముందు పోలీసోళ్ళు పట్టుకెళ్ళేది నిన్నే."

"పట్టుకెళ్ళనియ్. ఆ దొంగ సొత్తును రోజూ గేటు దగ్గర పలకరించి లోపలికి పంపినోడివి నువ్వు. నీకూ నాకూ ఒకటే జైలు కొట్టు సుబ్బయ్యా. రెండు పూటలా నా చేతి వంటే తిందువుగాని."

పళ్ళ సంచీ వాళ్ళ వెనకే విసిరాను. మణి బత్తాయి పండు కోసం ఏడ్చింది. ఏడవనిచ్చాను.

పంతులమ్మ నన్నూ యోహానునూ ప్లీడరు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెప్పింది విని నాకు తల తిరిగిపోయింది. ఇన్నేళ్ళు ఆ మిల్లు గోడ వెనక బతికాను, ఈ సంగతి ఒక్కరూ నాకు చెప్పలేదు. పనిలో ఉండగా కూలీకి దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని తెల్లవాళ్ళ నాడే చట్టం ఉందట. ఇష్టమైతే ఇచ్చేది కాదు, ఇచ్చి తీరాల్సింది. పనికి వెళ్ళలేని రోజులకు కొంత ఇవ్వాలి. అవయవం పోతే దానికి వేరే. ఏ వేలు పోతే ఎంత, ఎన్ని కణుపులు పోతే ఎంత అని పట్టిక కూడా ఉందట. ఆ పట్టిక చదివించుకుని విన్నాను. మనిషి చేతిని కణుపు కణుపుగా ఎవరు కూర్చుని రాశారో గానీ, రాసినవాడికి ఒక్కటి తెలుసు: వేలు పోతే బతుకులో ఒక ముక్క పోతుందని.

ఇంకా చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనే మిల్లుకు నోటీసు ఇవ్వాలి. గడువు దాటకుండా ఆఫీసరు దగ్గర అర్జీ పెట్టాలి. నాకేమీ అక్కర్లేదని కూలీ చేత ముందే వేలు వేయించుకున్నా ఆ కాగితం చెల్లదు. ఆడమనిషికి రావాల్సింది గుమ్మం దగ్గర చేతిలో పెట్టి పొమ్మనడానికి లేదు, ఆఫీసరు దగ్గర కట్టాల్సిందే. బత్తాయి పళ్ళతో వచ్చినవాళ్ళకు ఇదంతా తెలుసు. తెలిసే వచ్చారు. తెలియనిది మాకే. నాకు ఒళ్ళు మండేది అందుకే రా.

"మరి పుస్తకంలో పేరు నాది కదండీ?" అని అడిగాను.

"పుస్తకంలో ఎవరి పేరున్నా, మిల్లువాళ్ళు పెట్టుకుని చేయించుకుంటే పని చేసిన మనిషే కూలీ" అన్నారు. "కాని ఆ రోజు మిషను ముందు నించున్నది ఎస్తేరేనని మనం రుజువు చెయ్యాలి. కేసంతా అక్కడే ఉందమ్మా."

నోటీసు పంపాం. మిల్లువాళ్ళు తీసుకోలేదు. ప్లీడరు గారు రిజిస్టరు పోస్టులో మళ్ళీ పంపారు. అర్జీ పెట్టాం. సాక్ష్యం చెప్పమని కూలీ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. అందరూ తలుపు సందులోంచే మాట్లాడారు. కొంగు చించి కట్టిన కాంతమ్మ కూడా "నాకూ పిల్లలున్నారు అత్తా, నన్నొదిలెయ్" అంది. దాని భయం నాకు తెలుసు. అది పనిచేసేది చచ్చిపోయిన వాళ్ళమ్మ బిళ్ళ మీద. మిల్లు పుస్తకం ప్రకారం వాళ్ళమ్మ సమాధిలోంచి లేచి రోజూ పనికి వస్తోంది.

పోయిన శుక్రవారం ఆఫీసరు గారి ముందు వాయిదా. నన్ను నిలబెట్టి అడిగారు. బిళ్ళ సంగతి అంతా ఇప్పుడు నీకు చెప్పినట్టే చెప్పాను. ఆసుపత్రి చీటీ చూపించారు, గుమాస్తా మళ్ళీ పొరపాటే అన్నాడు. ఆఫీసరు గారు నా చేతులు చూసి ఏదో రాసుకున్నారు. మన వైపే మొగ్గింది అనుకున్నాను. అప్పుడు మిల్లు తరఫు ప్లీడరు లేచి, సంచీలోంచి ఒక ఉత్తరం తీశాడు.

"ఈ వేలిముద్ర నీదేనా?"

చూశాను. మడతల దగ్గర చినిగిన కాగితం. నేను నీకు రాయించిన ఉత్తరమే.

"నాదే."

చదివాడు. ఇంటి పట్టునే ఉంటోంది. మధ్యాహ్నం అన్నం తెచ్చి ఇచ్చి వెళుతుంది. మిషను దరిదాపులకు పోనివ్వను. ఒక్కో మాట నిలబెట్టి చదివాడు.

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"అబద్ధం."

"అంటే వేలిముద్ర వేసి అబద్ధాలు చెప్పే మనిషివన్నమాట."

గదిలో నవ్వారు. సుబ్బయ్య అందరికంటే ముందు నవ్వాడు. నా నోరు సంగతి నీకు తెలుసు గదా తమ్ముడా. మన పాలెంలో నా నోటికి జడిసి కరణం కూడా వేరే సందులోంచి పోయేవాడు. ఎస్తేరు నా వెనక నిలబడి ఎడమచేత్తో నా కొంగు పట్టుకుంది. అప్పుడు అన్నాను: "అయ్యా, ఆ మాటలు చెప్పింది ఆడపిల్ల తండ్రికి, బెంగపడకుండా. ఈ మాటలు చెబుతున్నది తమకు. కూతురు సుఖంగా ఉందని అక్క తమ్ముడికి రాసినదాన్ని తెచ్చి, ఆ కూతురి వేళ్ళు ఎగ్గొట్టడానికి వాడుకునేవాళ్ళను ఏమనాలో తమరే చెప్పండి."

ఆఫీసరు గారు నవ్వలేదు. కాని సుబ్బయ్య ముందుకు వచ్చి, పిల్ల తండ్రి స్వయంగా వచ్చి తన కూతురు ఎన్నడూ మిల్లులో పనిచెయ్యలేదని చెబుతాడండీ అన్నాడు. అయితే వచ్చే నెల రెండో శుక్రవారం ఆ తండ్రిని తీసుకురండి, ఆయన మాట విన్నాకే తేలుస్తాను అన్నారు ఆఫీసరు గారు.

బయటికి వచ్చాక సుబ్బయ్య నా పక్కనే నడుస్తూ, "మీ తమ్ముడు నాకు మాటిచ్చాడు దీనమ్మా. పెద్దమనిషి. మిల్లు కూలీ తండ్రి అనిపించుకోవడం ఆయనకిష్టం లేదు" అన్నాడు.

విన్నావా ఏసోబూ? నీకు ఇష్టం లేదట!

నీకు కోపం వస్తే నా మీద రానీ. మాట తప్పినదాన్ని, నన్ను అక్కా అని పిలవకు, నా గుమ్మం తొక్కకు, నేను చస్తే మట్టి వెయ్యడానికి రాకు. అన్నీ పడతాను. కాని నీ పరువు కోసం పిల్ల నోటి దగ్గర కూడు తీస్తావా? కూలి అంటే సిగ్గేమిటిరా నీకు? పొగాకు తోటల్లో ఒళ్ళంతా బంక పూసుకుని మనిద్దరం పెరిగాం. నీ పెళ్ళికి కట్టిన పంచె నేను మిరపకాయలు కోసి కొన్నది. ఇప్పుడు ఊళ్ళో పెద్దమనిషివయ్యావా?

ఎస్తేరుతో ఈ సంగతి చెప్పి, మీ నాన్నకు ఏం రాయమంటావే అని అడిగాను. మణికి ఎడమచేత్తో జడ అల్లుతోంది. రెండు పాయలు వేసి మూడోదాన్ని పళ్ళతో పట్టుకుంటుంది. ఇప్పుడు అలాగే అల్లుతుంది. పాయ నోట్లోంచి తీసి అంది: "నేను అన్నం తెచ్చిపెట్టానని నాన్న చెబితే, ఆ నాలుగు నెలలూ ఎవరు నించున్నట్టు అత్తా? నా కాళ్ళు నాన్నను అడుగుతున్నయ్యని రాయి." అంతే అంది. నీ మీద కోపంగా కూడా అనలేదు. అది నా రక్తం కాదురా, నీ రక్తమే. నేనైతే అరిచేదాన్ని.

ఇక నువ్వు చెయ్యాల్సింది విను. సుబ్బయ్య మళ్ళీ వస్తాడు. ఈసారి కాగితం తెస్తాడు. వేలు వెయ్యకు. చదివి వినిపించినా వెయ్యకు, అన్నం పెట్టి అడిగినా వెయ్యకు. కూతురు చెయ్యి పోయింది గదా, ఇంకా కోర్టులేంటి, పిల్లను పుట్టింటికి తెచ్చుకో అంటాడు. వాయిదా అయ్యేదాకా ఎస్తేరు ఇక్కడే ఉండాలి. ఆ తర్వాత నీ ఇష్టం, దాని ఇష్టం. ఆ శుక్రవారానికి ఒకరోజు ముందే చిలకలూరిపేట మీదుగా వచ్చే బస్సెక్కు. ఆఫీసరు గారి ముందు నువ్వు కట్టుకథ చెప్పనక్కర్లేదు. నిజం చాలు. "నా కూతురు ఇంట్లో ఉంటోందని మా అక్క రాయించింది, నేను నమ్మాను. కళ్ళతో చూసింది లేదు. మిల్లులో పనిచేసిందని ఇప్పుడు మా అక్క చెబుతోంది, అదీ ఈ ఉత్తరంలోనే ఉంది" అని చెప్పి ఇది ఇవ్వు. నలుగురిలో అక్క నాకు అబద్ధం చెప్పిందని చెప్పడం నీకు కష్టమే. నాకు వినడమూ కష్టమే. ఇద్దరం పడదాం. దానికి పోయినదాని ముందు ఇదెంత?

వచ్చేటప్పుడు రెండు మానికల వరిగెలు, కాస్త చింతపండు, మరదలు ఆడించిన ఆముదం తీసుకురా. ఎస్తేరు చేతికి రాయాలి, చర్మం బిగుసుకుపోతోంది. నా చుట్టలకు నాలుగు పొగాకు కాడలు మర్చిపోకు. నన్ను అక్కా అని పిలవకపోయినా పొగాకు మాత్రం తే.

మరదలికి ఒక్క మాట. అమ్మా మార్తా, నీ బిడ్డను నేను బిడ్డలాగే చూశాను. అందుకే నా బిళ్ళ దానికిచ్చాను. నన్ను క్షమించు. అన్నానికి కూర్చున్నప్పుడు మా నలుగురినీ ప్రార్థనలో తలుచుకో. పాలెంలో పెద్దలందరికీ వందనాలు, పిల్లలకు ముద్దులు.

పంతులమ్మ అంతా చదివి వినిపించింది. నేను చెప్పినట్టే ఉంది. ఇక వేలిముద్ర వెయ్యమంటోంది, కుడి బొటనవేలు చాలంటోంది. చాలదు. పాత ఉత్తరం మీద ఒక్క వేలే వేశాను, దానితోనే నన్ను అబద్ధాలకోరును చేశారు. బడిలోంచి సిరా తెప్పించి గుడ్డ మీద పోయించాను. మిల్లు గుమాస్తా చీటీ ప్రకారం బుధవారం నాడు నలభై ఒకటో నంబరు బిళ్ళతో పనిలో ఉండి కుడిచేతికి దెబ్బ తగిలించుకున్నది మేకల దీనమ్మ. మేకల దీనమ్మ వేళ్ళు పదీ ఇవిగో, ఒక్కొక్కటే వేస్తున్నాను. ఆఫీసరు గారు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క కణుపు తగ్గలేదు. ఆ బిళ్ళతో పని చేసి వేళ్ళు పోగొట్టుకున్నది నా కోడలు ఎస్తేరు. ఇది నా సాక్ష్యం.

ఇందాకటి నుంచి గుమ్మంలో కూర్చుని వింటున్న కాంతమ్మ ఇప్పుడు లేచి వచ్చింది. ఆ సిరా గుడ్డ ఇలా ఇవ్వమంటోంది.

"మీ అమ్మ పేరు రాయనా?" అని పంతులమ్మ అడిగింది.

"మా అమ్మ చచ్చిపోయి మూడేళ్ళయింది. నా పేరే రాయండి" అంటోంది.

ఇట్లు,
నీ అక్క మేకల దీనమ్మ, ఎడమచేతి వేళ్ళు అయిదు, కుడిచేతి వేళ్ళు అయిదు.

సాక్షులు:
సుగుణమ్మ, బడి పంతులమ్మ. దీనమ్మ చెప్పగా రాసి, చదివి వినిపించినది నేనే. సంతకం.
కాంతమ్మ, పత్తి మిల్లులో ఎస్తేరు పక్క మిషను కూలీ. ఆ రోజు ఎస్తేరు చేతికి గుడ్డ కట్టినది నేనే. వేలిముద్ర.